నడుం ఎత్తున నిలిచే షట్టరు

మా బావ పోయాడు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న మేనకోడలు ఫోన్ చేసి, "మామా, నాన్న... నాన్న నహీఁ రహే" అంది. ఈ హిందీ ఊళ్లోనే పుట్టి పెరిగి, నేను తెలుగులో ఏం అడిగినా హిందీలోనే జవాబు చెప్పే పిల్ల. ఈ మాట కూడా అలాగే చెప్పింది. "ఎప్పుడమ్మా?" అంటే, "సోతే సోతే" అంది. నిద్రలోనే పోయాడట. అప్పటికి నేను దుకాణం తాళాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

ఆయన మా అక్క భర్త. నలభై ఏళ్లు షట్టర్లు బిగించి, బాగుచేసి బతికాడు. తొమ్మిది గంటలకల్లా మా బర్మామైన్స్ బజారు వాట్సాప్ గుంపు నిండిపోయింది. ‘గొప్ప పనివాడు’, ‘బజారుకు తీరని లోటు’, వరసగా చేతులు జోడించిన బొమ్మలు. అవి పెట్టినవాళ్లలో చాలామంది పదకొండేళ్లుగా ఆయన్ని గడప తొక్కనివ్వలేదు. ఆ లోటు తీరనిదని వాళ్లకి ఇప్పుడు తెలిసింది కాబోలు. ఆ గుంపులో నేనేమీ రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను. ఎవరిమీద ఎంత కోపం ఉందో చెప్పాలనే కూర్చున్నాను గానీ, ఆ వరసలో మొదటి పేరు ఎవరిదో రాస్తుంటే తెలుస్తోంది.

ఎక్కడ షట్టరు కనిపించినా బావ ముందు చేసే పని ఒకటుండేది. దాన్ని నడుం ఎత్తుకి తెచ్చి, రెండు చేతులూ తీసేసి, వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. షట్టరు అక్కడే నిలిస్తే స్ప్రింగులు బాగున్నట్టు. జారితే అలిసిపోయినట్టు. పైకి ఎగిరితే ఎవడో అవసరానికి మించి బిగించినట్టు. కూరలకి వచ్చినా, శుభలేఖలు పంచడానికి వచ్చినా ఈ పరీక్ష తప్పేది కాదు.

"నిన్నెవరు పిలిచారు బావా?" అనేవాణ్ణి.

"డాకటరు బజార్లోకెల్తే మనుసుల మొకాలు సూడడేట్రా, పంతులూ?" అనేవాడు.

నేనెప్పుడూ బడిలో పాఠం చెప్పలేదు. కాగితాలూ పుస్తకాలూ అమ్ముకునే దుకాణం నాది. అమ్మేదానికన్నా చదివేది ఎక్కువని ఆయన నాకు పెట్టిన పేరు అది.

ఇంకో అలవాటు ఉండేది. పని అయ్యాక షట్టరు లోపలివైపు, అడుగు రేకుమీద, సన్నటి కుంచెతో పసుపు రంగులో తేదీ రాసేవాడు. చెయ్యాల్సింది ఏమైనా మిగిలితే అదీ రాసేవాడు. ‘నూనె పెట్టాలి.’ ‘ఎడమ పట్టా వంగింది.’ బిల్లు పుస్తకం, రసీదు ఆయనకి తెలియవు. ఆ పసుపు రాతే ఆయన ఇచ్చే పూచీ.

నా షట్టరు పైన గొట్టంలో రెండు స్ప్రింగులుండేవి. ఉక్కు పట్టీని గడియారంలోలాగా చుట్టి డబ్బాలో బిగించిన రకం. రెండూ ఆయన వేసినవే. ఒకరోజు ఒకటి తెగింది. ఆయన వచ్చాడు, నిచ్చెన ఎక్కాడు, తల లోపలికి పెట్టి చూశాడు.

"రొండూ మార్సాల."

"తెగింది ఒకటే కదా బావా."

"రొండూ ఒక్కనాడే ఎక్కినియ్యి. ఒక్కనాటి నుంచీ బరువు మోత్తన్నాయి. ఇది పోయిందంటే దాని పనీ అయిపోయినట్టే."

"అది నిక్షేపంలా ఉంది. పైగా వేసి ఎన్నేళ్లయిందని?"

"ఏళ్లు కాదురా. రోజుకెన్నిమార్లు ఎత్తి దించుతన్నావో అది సెప్పు. పొద్దున్న, మద్దేనం బోజినానికి, మల్లీ సాయంత్రం, వానొత్తే ఓపాలి. ప్రెతిసారీ దాని ఆయుస్సే."

నేను ఊరుకోలేదు. లోహాల అలసట గురించి ఎక్కడో చదివింది గుర్తు చేసుకుని ఆయనకి పాఠం చెప్పాను. కొత్తది సగం బరువు మోస్తే పాతదానికి విశ్రాంతి దొరుకుతుందని తేల్చాను. ఆయన నిచ్చెనమీదే కూర్చుని చివరిదాకా విన్నాడు.

"అది రాసినోడు వొచ్చి నీ షట్టరు కింద నిలబడతాడేట్రా?" అన్నాడు. "కొత్తదీ పాతదీ ఒక్కలాగ లాగవు. షట్టరు ఓ పక్కకి ఒరిగిపోద్ది. ఒక్కటే నానెయ్యను. కావాలంటే ఇంకోడ్ని పిలుసుకో."

"నీ మొండితనం నీ దగ్గరే ఉంచుకో" అన్నాను.

ఆయన దిగాడు. చేతులు తుడుచుకున్నాడు. పసుపు డబ్బా తీసి, అడుగు రేకుమీద ఆ రోజు తేదీ వేసి, ‘రెండూ మార్చాలి’ అని రాసి వెళ్లిపోయాడు. ఆ వారంలోనే నేను వేరే మేస్త్రీని పిలిపించి ఒక్కటే వేయించాను.

నాలుగు నెలలు నడిచింది. పక్కన మిఠాయి దుకాణం ఆయనకి, నేను షట్టరు ఎత్తుతుండగానే వంగి లోపలికి దూరి, ముందురోజు పేపరు పట్టుకెళ్లే అలవాటు ఉండేది. పేపరు కొనడు, నాది చదువుతాడు. ఆ రోజు ఆయన వంగాడు. పైన పటాసు పేలినట్టు చప్పుడైంది. పాత స్ప్రింగు తెగింది. షట్టరు మొత్తం వచ్చి ఆయన భుజంమీద పడింది. మెడకింద ఎముక విరిగింది.

ఆ సాయంత్రమే షట్టరు లోపలివైపు అడుగునుంచి మూడు రేకులకి ఆకుపచ్చ రంగు పూశాను. మూడెందుకంటే, ఒక్కటే పూస్తే అదొక్కటే ఎందుకు పూశావని అడుగుతారు.

మర్నాడు ఆదివారం బజారు పెద్దలు కూర్చున్నారు. మిఠాయి దుకాణం ఆయన చెయ్యి మెడకి కట్టుకుని వచ్చాడు.

"ఆ షట్టరు ఏసిందెవరు? మీ బావే కదేటి?" అన్నాడు.

"ఔను" అన్నాను.

అబద్ధం కాదు. వేసింది ఆయనే. ఆ ఒక్క మాట అని ఊరుకున్నాను. తక్కిన పని వాళ్లే పూర్తిచేశారు. ముసలాడయ్యాడని ఒకరు, చెయ్యి వణుకుతుందని ఇంకొకరు, చూపు ఆనడం లేదని మూడోవాడు. ఆయన చేతి షట్టర్లు తమ దుకాణాలకి ఎన్నేళ్లుగా చప్పుడు లేకుండా లేస్తున్నాయో అక్కడ ఒక్కడికీ గుర్తురాలేదు. ఇకమీదట పిలవొద్దని తీర్మానించుకుని జిలేబీ తిని లేచారు. నేనూ తిన్నాను.

కేసు అవుతుందని భయపడి దాచలేదు నేను. బజారులో అంతా చదువుకున్నవాడని సలహాకి వచ్చేది నా దగ్గరికే. షట్టరు సంగతిలో నా చదువు తప్పు, బావ చెయ్యి ఒప్పు అని తేలడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే. దానికి పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని పదకొండేళ్లు వెతికాను.

సోమవారం బావ వచ్చాడు. గొంతుక్కూర్చుని రేకు చూశాడు. బొటనవేలితో ముట్టుకుంటే రంగు ఇంకా కాస్త అంటుకుంటోంది. ఆ వేలు లుంగీకి తుడుచుకుంటూ లేచాడు.

"రంగు బాగుందిరా, పంతులూ" అన్నాడు.

తను రాసిపెట్టిన సంగతి ఆ రోజూ, ఆ తర్వాతా బజారులో ఎవరికీ చెప్పలేదు. అక్కకి కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ తర్వాత ప్రతి పండక్కీ అక్క నాకు కొసరి కొసరి వడ్డించేది కాదు.

బజారు పని పోయాక ఆయన సైకిలుమీద గోవింద్‌పూర్ వెళ్లడం మొదలుపెట్టాడు. అక్కడి కాలనీల్లో కార్లు పెట్టుకునే గ్యారేజీల తలుపులు బాగుచేసేవాడు. మూడేళ్ల తర్వాత అటువైపు ఒక బడికి నోటుపుస్తకాలు ఇచ్చి వస్తుంటే, ఒక గ్యారేజీ ముందు స్టూలుమీద నిలబడి కనిపించాడు.

"ఇలారా, పంతులూ. ఇది సూడు" అని పిలిచాడు, నిన్ననే మాట్లాడుకున్నట్టు. "తలుపు మీద కడ్డీకి తొడిగేసుంది సూడు, ఇది మెలితిరిగే రకం. బరువు తలుపుకి ఇదే మంచిది. ఆ పక్కింట్లో అటోటీ ఇటోటీ ఏలాడతన్నాయే, అయ్యి సాగే రకం. దాని కడుపులోంచి ఇనప తీగ దూర్చి కట్టాల. లేపోతే తెగిన్నాడు బాణంలాగొచ్చి మనిసికి తగుల్తాది."

"ఎప్పుడు మార్చాలో ఎలా తెలుస్తుంది?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అదే సెప్తాది. కీసుమని అరుత్తాది. చుట్ల మజ్జిన సందు ఔపడతాది. తలుపు ఒరుగుతాది, నడుం కాడ నిలవదు. తెగీ ముందు పాపం ఇన్ని సెప్తాది. ఇనీవోడుండాల."

‘బావా, తప్పు నాదే’ అనాల్సింది అప్పుడే. పక్కన మూడో మనిషి లేడు. నేను ఖాళీ సంచీ ఒక భుజంనుంచి ఇంకో భుజానికి మార్చుకుని, ఎండ మండిపోతోందన్నాను.

"నీ షట్టరేలాగుంది? నడుం కాడ నిలుత్తందా?"

"నిలుస్తోంది" అన్నాను. ఇది మటుకు పచ్చి అబద్ధం. ఆ ప్రమాదం తర్వాత వేరే మేస్త్రీ వేసిన కొత్త జత దానికి సరిపోలేదు. పూర్తిగా ఎత్తితే ఉంటుంది, సగంలో వదిలితే జారిపోతుంది.

ఆయన మళ్లీ కడ్డీవైపు తిరిగాడు. "మంచిది. పిలిత్తే ఓపాలి వొచ్చి సూత్తాన్లే" అన్నాడు.

పిలవలేదు. పిలిస్తే ఆ ఆకుపచ్చ రేకుముందు మళ్లీ కూర్చుంటాడు కదా.

అందుకని నేను అన్న ‘ఔను’కి మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఆయన రెండూ మార్చమన్నాడు. నేను వద్దన్నాను. ఆయన రాసిపెట్టింది నేను రంగు పూసి కప్పేశాను. ఆయన చెయ్యి ఎప్పుడూ వణకలేదు. మిఠాయి దుకాణం ఆయన, పెద్దలు, అందరూ చదవండి. అక్కకి మేనకోడలు చదివి వినిపిస్తుంది. ఆ పిల్లకి తెలుగు చదవడం రాకపోతే నేనే వెళ్లి వినిపిస్తాను.

మన బజారులో మనిషి పోతే, పాడె బజారు దాటేదాకా దుకాణాల షట్టర్లు సగానికి దించడం ఆనవాయితీ. మంగళవారం పదిన్నరకి ఆయన్ని సువర్ణరేఖ నది ఒడ్డుకి తీసుకెళుతుంటే గుంపులో కబురొచ్చింది. పాడె వెంట నడవడానికి మొహం చెల్లక నేను దుకాణంలోనే ఉండిపోయాను. ఒక్కొక్కరే షట్టరు నడుం ఎత్తుకి దించి, వదిలేసి, మెట్టుమీదకొచ్చి చేతులు జోడించారు. బజారు ఈ కొసనుంచి ఆ కొసదాకా, దారం పట్టి గీసినట్టు, అన్నీ ఒకే ఎత్తులో కదలకుండా నిలబడ్డాయి.

నేను దించి వదిలాను. జారింది. ఎత్తి మళ్లీ వదిలాను. మళ్లీ జారింది. మిఠాయి దుకాణం ఆయన మెట్టుమీదనుంచి, "ఏటి మాస్టారూ, మొత్తం మూసీండి పోనీ" అన్నాడు. మూయలేదు. లోపలికి వెళ్లి, వంగి, అడుగు అంచు కింద రెండు చేతులూ పెట్టి పట్టుకున్నాను.

నా మొహానికి ఎదురుగా ఆకుపచ్చ రేకులు. వాటి కింద వీధిలో కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. డప్పు దగ్గరికొచ్చింది. మోసేవాళ్ల పాదాలు నా గుమ్మం ముందునుంచి ఒకే లయలో కదిలి వెళ్లిపోయాయి. చల్లిన పేలాలు కొన్ని దొర్లుకుంటూ షట్టరు కిందనుంచి లోపలికి వచ్చి నా కాళ్ల దగ్గర ఆగాయి. బజారంతా దండం పెడుతోంది. నా చేతులు రెండూ షట్టరు కిందే ఉన్నాయి.