గాజు తొట్టి

తొంభైల్లో నేను చంద్రాపూర్ దగ్గర ఒక గని కాలనీలో మురుగునీటి శుద్ధి కేంద్రం ఆపరేటర్‌ని. మేం వదిలే నీళ్లలో చేపలు బతుకుతాయని తనిఖీవాళ్లకు చూపడానికి గాజు తొట్టి పెట్టాం. అవి చచ్చినప్పుడల్లా, కూరకని చెప్పి, ఆ నీళ్లు కలిసే దిగువ ఏటిలో వల వేసే మల్లయ్య దగ్గర బతికున్నవి కొనేవాణ్ణి.

ఒక పొద్దున చచ్చిన చేపల గంప, పడవ తెడ్డు పట్టుకొని మల్లయ్య వచ్చి తొట్టి చూశాడు.

"ఏట్ల ఒక్క చేప మిగల్లే. గివి నిన్న నేనిచ్చినవే గదా సారూ."

తెడ్డుతో తొట్టి పగలగొట్టాడు. రెండో దెబ్బకు నా నుదురు చిట్లింది. చేపలు నా నెత్తుట్లో కొట్టుకుంటున్నాయి.

"బకెట్ల నీళ్లు పట్టు, చేపల్ని బతికిస్త" అన్నాడు.

శుద్ధి నీళ్ల కుళాయి పక్కనే ఉంది. నేను మాత్రం మంచినీళ్ల కుండ వైపు పాకాను. అది చూసి మల్లయ్య మళ్లీ కొట్టాడు.

ఆసుపత్రిలో కాలుజారి పడ్డానని రాయించాను. ఆ ఉద్యోగంలో నేనాడిన అబద్ధాల్లో సిగ్గుపడనిది అదొక్కటే.