పన్నెండు డిగ్రీల తప్పు

పదిహేడేళ్ల వయసులో నాకు ఒకటే పట్టుదల ఉండేది: మా యువజన అవార్డు పథకంలో ఆఖరి మెడల్ కొట్టాలి. ఒక్క కాలినడక పరీక్ష మిగిలింది. పాలంపేట దగ్గరి ఒక ఊరి నుంచి పొలాల మీదుగా సరిగ్గా పడమరకు నాలుగు కిలోమీటర్లు నడిచి, నాలుగింటికల్లా ఒక బడి చేరాలి. ఆలస్యమైతే ఫెయిల్. మరుసటి ఏడాదికి నా వయసు దాటిపోతుంది. ఫోన్లు ముందే తీసేసుకున్నారు.

ఆ ఊరి మసీదులో మధ్యాహ్నం నమాజు చదివి బయటికి వచ్చేసరికి, మట్టెవాడ నుంచి వచ్చిన నా జతగాడు మెట్ల మీద తల వంచుకుని కూర్చున్నాడు. బావిలోకి తొంగి చూస్తూ కంపాస్‌ను అందులో పడేశాడట. పైన ముసురు, సూర్యుడి జాడ లేదు.

"ఫికర్ చేయకు" అన్నాను, ఎనిమిదేళ్ల మదర్సా చదువు ధైర్యంతో. "నమాజుకు పడమరకే కదా తిరిగేది? మసీదుల మనం మొహం పెట్టి నిలబడే గోడ ఎటుంటే అటే పడమర."

"గ్యారంటీనా భాయ్?"

"కంపాస్ తప్పుతది గని మసీదు తప్పది."

గోడకు సూటిగా కనిపించిన తాటిచెట్టును గురి పెట్టుకుని నడిచాం. దాని తర్వాత ఇంకో తాటిచెట్టు. బురదలో జతగాడి చెప్పు ఒకటి పోయింది. రెండోది చేత్తో పట్టుకుని నడిచాడు, దేనికో తెలియదు. నాలుగైంది. బడి లేదు.

నాటు వేస్తున్న ఒక పెద్దావిడ నడుము ఎత్తి చూసింది. "ఏడికి పోతాండ్రు బిడ్డా?"

"బడికి పెద్దమ్మా."

"బడి గా దిక్కున్నది" అని మా ఎడమ పక్కకు, చాలా దూరం చూపించింది.

"ఇట్లనే పోతే మక్కా వస్తది గని బడి రాదు" అన్నాడు జతగాడు. అది అక్షరాలా నిజమని అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

బడి చేరేసరికి నలభై నిమిషాలు ఆలస్యం. కారణం రాయాలి. "నడుమల కంపాస్ ఖరాబైందని రాయ్ భాయ్" అన్నాడు వాడు. అబద్ధపు సాక్ష్యం ఎంత పెద్ద పాపమో మదర్సాలో చిన్నపిల్లలకు చెప్పేది నేనే. 'బయలుదేరకముందే కంపాస్ పోయింది. మసీదు గోడే పడమర అని నేను చెప్పాను' అని రాసి సంతకం పెట్టాను.

పరీక్ష పెట్టే సార్ భూమి కొలతల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. రెండుసార్లు చదివి అద్దాలు తుడుచుకున్నారు.

"గోడ కరెక్టే, మక్కాకు సూటిగనే ఉన్నది. తప్పు నీదే. మక్కా మనకు సక్కగ పడమర కాదు, పన్నెండు డిగ్రీలు ఉత్తరానికి ఉంటది. నాలుగు కిలోమీటర్లకు ఎంత తప్పుతవో లెక్క చెయ్."

ఆయన చూపిన పద్ధతిలో చేశాను. ఎనిమిది వందల యాభై మీటర్లు. రోజూ ఐదు పూటలా అటే తిరుగుతూ, ఎటు తిరుగుతున్నానో తెలియనివాణ్నని తేలింది.

"ఫెయిలా సార్?"

"ఇయ్యాల ఫెయిలే. నిజం రాసినోనికి ఇంకో చాన్స్ ఇయ్యాలని రూల్ల లేదు. నేనిస్తున్న. వచ్చే ఆదివారం రా."

ఆ ఆదివారం అదే గోడ నుంచి పన్నెండు డిగ్రీలు ఎడమకు జరిగి నడిచాను. పది నిమిషాల ముందే చేరాను. సార్ సంతకం పెడుతూ అడిగారు, "ఇంటర్ అయినంక ఏం చేస్తవ్?"

"మా అబ్బాజాన్ ఆలిం కమ్మంటున్నరు సార్, మత పండితుణ్ని."

"మంచిదే. కొలతలు గూడ నేర్చుకో. తప్పు హద్దు చూపించుడు గూడ అబద్ధపు సాక్ష్యమే."

ఇంటర్ అయిన మరుసటి వారమే సర్వే కోర్సుకు ఫారం నింపాను. ఇన్నేళ్లుగా రైతులకు హద్దులు చూపిస్తున్నాను. బిస్మిల్లా అనకుండా ఒక్కనాడూ కొలత గొలుసు పరచలేదు.