నూకాలమ్మ చెప్పిన రాకెట్టు కథ

నూకాలమ్మకు ఇంగ్లీషు రాదు. ఈ సంగతి సీతారాండేరాలో మా క్వార్టర్ల వరసంతటికీ తెలుసు, ఒక్క నూకాలమ్మకు తప్ప.

ఆ రోజుల్లో ఆదివారం పొద్దున్న టీవీలో ఇంగ్లీషు బొమ్మల సీరియల్ ఒకటి వచ్చేది. చుక్కల మధ్య తిరిగే రాకెట్టు, దానికో కేప్టెను, వయసొచ్చిన పిల్ల ఒకతె, మాటిమాటికీ నట్లు ఊడిపోయే ఇనుపమనిషి. పిల్లల కోసం తీసిందే. మా వరసలో మాత్రం దాని మీద ప్రాణం పెట్టుకున్నది మీసాలున్న మగాళ్లు. ఎటొచ్చీ షిఫ్టులతోనే చిక్కు. ఎ షిఫ్టు పడిందంటే పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా ఇనుము కార్ఖానాలో ఉండాలి. అవతల రాకెట్టు ఏ గ్రహం మీద కూలిందో తెలిసేది కాదు. అందుకని డ్యూటీ దిగగానే మా సైకిళ్లు తిన్నగా నూకాలమ్మ గుమ్మం ముందే ఆగేవి. ఆవిడ మొగుడు పోలరాజూ నేనూ రోలింగు మిల్లులో ఒకే గ్యాంగు. టీవీ కొన్నదీ అతనే, ఎ షిఫ్టు వారాల్లో అందులో బొమ్మ చూడనిదీ అతనే, పాపం.

ఆవిడ చింతపండు పిసుకుతూ కథ చెప్పేది. రాకెట్టు కుదుపుకి తనే ఊగేది, ఇనుపమనిషి నడక నడిచి చూపించేది. నేను మధ్యాహ్నం బి షిఫ్టు పడిన వారాల్లో ఆ సీరియల్ కళ్లారా చూశాను. ఉన్నమాట చెప్పాలంటే, ఆవిడ చెప్పినంత బాగా ఏమీ ఉండేది కాదు.

కూతురు పద్మకుమారి ఇంటరు పాసయింది, ఇంగ్లీషు వచ్చు. ఈ హిందీ ఊళ్లోనే పుట్టి పెరిగింది, తల్లి తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే రకం. "ఐసా నహీఁ హై, మమ్మీ" అంటూ మధ్యమధ్య సరిదిద్దబోయేది.

"నీకు ఇంగిలీసు తెలుసు, నాకు మనుసులు తెలుసు. నోరు మూసుకుని కూకో" అనేది నూకాలమ్మ.

ఒక వారం ఏం జరిగిందంటే, గ్రహాంతరవాసుల భాష వినడానికి ఆ పిల్ల చెవిలో చిన్న యంత్రం బిగించారు. ఇనుపమనిషి సూది పట్టుకొచ్చాడు. పిల్ల బెదిరింది. కేప్టెను ఆమెను తన ముందు కూర్చోబెట్టుకుని, తల కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. అది చూసి నూకాలమ్మ చేతిలో గరిట వదిలేసిందట.

"సెవులు కుడతన్నారు!" అని మాకు చెప్పింది. "సెవులు కుట్టినప్పుడు పిల్లని పట్టుకునీవోడు ఎవుడు? మేనమామ! నానింతకాలం కేప్టెను పరాయోడనుకున్నాను. ఆడు దానికి సొంత మేనమామ!"

మేమంతా అవునవును అన్నాం. కాదనడానికి ఎవరికీ కారణం కనిపించలేదు. మేనమామ అని తేలాక ఇక పెళ్లి మాట రావడం ఎంతసేపు? చుక్కల్లో లగ్నం ఎలా చూస్తారన్న దాని మీద పోలరాజుకీ నాకూ చిన్న తగువు కూడా అయింది.

అసలు సంగతి అప్పటికి మాకు తట్టలేదు. నూకాలమ్మకు అప్పలసూరి అని ఒక తమ్ముడు. సాక్చి బజారులో ఆటో తోలుతాడు, ఆదివారం పూట అక్క ఇంట్లోనే భోజనం. వైశాఖంలో అతనికి పద్మనిచ్చి చెయ్యాలని ఆవిడ పట్టు. పద్మకేమో రాంచీలో నర్సు ట్రైనింగుకి సీటొచ్చింది. నెలాఖరు మంగళవారం లోపల చేరకపోతే అది ఇంకొకరికి పోతుంది. అప్పలసూరి చెడ్డవాడైతే గొడవే లేదు, ఎదురుతిరగొచ్చు. మంచివాడు కావడమే ఆ పిల్లకి వచ్చిన కష్టం. పోలరాజుని అడిగితే, "దాని కూతురు, దాని తమ్ముడు. మద్దిన నానేటి?" అని బీడీ వెలిగించేవాడు. మిల్లులో ఎర్రగా కాలిన ఇనుముకి జంకని మనిషికి ఇంట్లో ఆ మాత్రం ధైర్యం లేకపోయింది.

అలా ఆరోజు నుంచి రాకెట్టు కథ పెళ్లి దారి పట్టింది. కేప్టెను కోప్పడితే ప్రేమ, కోప్పడకపోతే మరీ ప్రేమ. ఆ పిల్ల కిటికీలోంచి చుక్కలు చూస్తే మేనమామ కోసం బెంగ. చెబుతున్నంతసేపూ నూకాలమ్మ చూపు వంటింటి గుమ్మం దగ్గరున్న పద్మ మీదే. అప్పలసూరి తలెత్తకుండా అన్నం కలుపుకునేవాడు, చెవులు మాత్రం ఎర్రబడేవి.

ఆఖరి భాగం ఎ షిఫ్టు వారంలోనే పడింది. రాంచీ మంగళవారానికి ఇక రెండు రోజులే ఉంది. మేం వెళ్లేసరికి అప్పలసూరి కంచం ముందు కూర్చునే ఉన్నాడు. నూకాలమ్మ మొదలెట్టింది. రాకెట్టుకి చిల్లు పడింది. కేప్టెను చెయ్యి విరిగింది. అందరూ బతకాలంటే ఎవరో ఒకరు చిన్న రాకెట్టు తీసుకుని సాయం తేవాలి.

"మరి పెళ్లో?" అన్నాడు పోలరాజు.

అప్పలసూరి చెయ్యి అన్నంలోనే ఆగింది. పద్మ నీళ్లచెంబు పట్టుకుని నిలబడిపోయింది. పొద్దున్న తల్లి పక్కనే కూర్చుని ఆ భాగం చూసింది తనే. మాకు ఆవిడేం చెబితే అదే. ఆ నిమిషంలో నూకాలమ్మ చుక్కల్లోనే పందిరి వేయించి మూడుముళ్లూ వేయించినా అడిగేవాడు లేడు.

"సచ్ బోల్‌నా, మమ్మీ" అంది పద్మ. నిజం చెప్పమని అంత మెల్లగా ఎవరైనా అడగడం నేను వినలేదు.

నూకాలమ్మ కూతురి మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"పెళ్లి అవనేదు" అంది చివరికి. "ఆ గుంట తనే రాకెట్టు తోలుకుని ఎల్లిపోయినాది. ఆడే సీట్లో కూకోబెట్టినాడు, ఆడే తలుపేసినాడు. ఎనక్కి సూడనేదు గుంట. నాను కనిపెట్టి సూసినాను, దాని మొగంలో ఏడుపు నేదు. సంబరముంది."

"ఆడికో?" అన్నాడు అప్పలసూరి.

"ఆడికుందిరా ఏడుపు" అంది నూకాలమ్మ. తనకూ కళ్లు నిండాయి, దాచుకోలేదు. "సూరీ, రేపు నువ్వే దీన్ని రాంచీ బస్సు ఎక్కించాల."

అప్పలసూరి కంచం పక్కకు జరిపి, గ్లాసుతో నీళ్లు తాగాడు. అతని మీద జాలేసింది నాకు.

"బస్సెన్నింటికి?" అన్నాడు.

"ఛే బజే, మామా."

"పొద్దున్న ఆరుకా? అయితే చీకటుండగానే వత్తాను. పెట్టె బరువుంటాది, నువ్వు మొయ్యకు."