నన్నడిగి పెట్టిన టైము

మొన్న ఆదివారం బెంగళూరు నుంచి మా మనవరాలు వచ్చింది. వచ్చిందన్న మాటేగానీ ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు. ఆఫీసులో తన కింద పనిచేసేవాళ్లలో మంచివాళ్లనుకున్నవాళ్లే మానేస్తామంటున్నారట. జీతం పెంచినా, హోటల్లో విందు పెట్టినా పనిమీద మనసు పెట్టడం లేదట. వాళ్లకు ఉత్సాహం తెప్పించడానికి ఎవరో పెద్దమనిషి వచ్చి పాఠాలు చెబుతాడట. నేను నవ్వాను, అది అలిగి లోపలికి పోయింది. ఆ తర్వాత నాకూ కాలు నిలవలేదు, వసారాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను, ఎందుకంటే ఒకప్పుడు నేనూ మానేస్తానని బయలుదేరినవాణ్ణే.

అవి యుద్ధం రోజులు. నా ఈడువాళ్లకు బొగ్గు బస్సులు గుర్తుండే ఉంటాయి. పెట్రోలు దొరక్క బస్సు వెనక నిలువెత్తు పీపా తగిలించి, అందులో బొగ్గు రాజేసి, ఆ గ్యాసుతోనే బండి నడిపేవాళ్లం. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం పోయే బస్సుకు నేను డ్రైవర్ని. చదునులో ఎలాగో నడిచేది గానీ పెద్దపంజాణి వైపు మిట్టలు కనబడితే చాలు, మూలగడం మొదలుపెట్టేది. ఇక జనమంతా దిగి నెట్టాలి. పెళ్లివారు పట్టుబట్టలతో నెట్టిన రోజులున్నాయి, తిట్లు మాత్రం నాకు. బోర్డు మీద టైమేమో పెట్రోలు కాలం నాటిది. ఎంత ఒళ్లు హూనం చేసుకున్నా బొగ్గుబండి ఆ టైముకు చేరదు, కుప్పంలో ఏజెంటు సణుగుడు ఆపడు. ఎలాగూ ఆలస్యం తప్పనప్పుడు తొందరెందుకని నేనూ మొండికేశాను. పుంగనూరులో కాఫీకి దిగితే లేవబుద్ధయ్యేది కాదు.

బండి తోలడమంటే నాకు ప్రాణం, కానీ ఆ బండి మొహం చూడాలంటేనే చిరాకు, అదీ నా బాధ. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటైనా పోవాలనిపించేది. బెంగళూరులో యుద్ధసామాను చేసే ఫ్యాక్టరీలో చేరిన మా బావమరిది, వచ్చెయ్యమని కబురుమీద కబురు పెడుతున్నాడు. మా ఓనరు కాలం చేశాక బస్సులు ఆయన భార్య చేతికొచ్చాయి. నేను ఉండనేమోనని ఆమెకు అనుమానం తగిలి బత్తా పెంచింది, కొత్త ఖాకీ చొక్కాలు కుట్టించింది. నాలుగు రోజులు బాగానే ఉంది, ఆ తర్వాత మామూలే.

చివరికి మానేస్తానని చెప్పడానికి మదనపల్లెలో వాళ్లింటికే వెళ్లాను. ఓనరమ్మ కందులు చెరుగుతోంది. నా మాటంతా విని చేట పక్కన పెట్టింది.

"పోతే పోదువులే గానీ ఒక మాట జెప్పప్పా. ఈ బొగ్గుబండి నిజంగా ఎప్పుటికి కుప్పం జేరతాది?"

అంతవరకూ ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్న రోషమంతా ఎటు పోయిందో గానీ, "దీపాలు పెట్టే యాలకు జేరుస్తానమ్మా" అనేశాను.

"అయితే అదే టైము" అని, ఆ రోజే బోర్డు మార్పించింది.

నా నోటితో చెప్పిన టైము అయ్యాక ఇక బెంగళూరు ఎట్లా పోతాను? బొగ్గులో పొడి లేకుండా జల్లించుకున్నాను, తడి తగలకుండా కప్పి పెట్టుకున్నాను, పుంగనూరులో కాఫీ నిలబడే తాగాను. మిట్టల దగ్గర నేనూ దిగి జనంతో పాటు నెడదామనిపించేది, స్టీరింగు ఎవరు పట్టుకుంటారని ఊరుకున్నాను గానీ. మొదటి సాయంత్రం బస్సు కుప్పంలో ఆగేసరికి కిళ్లీకొట్టతను అప్పుడే లాంతరు వెలిగిస్తున్నాడు. ఏజెంటు కిక్కురుమనలేదు. ఆనాడు కలిగినంత సంతోషం పెళ్లినాడు కూడా కలగలేదని అన్నందుకు మా ఆవిడ నన్ను ఇప్పటికీ క్షమించలేదు. బావమరిదికి రానని కబురు పెట్టాను.

యుద్ధం ముగిసింది, మెల్లగా పెట్రోలు దొరికింది, పీపాలు ఊడదీశారు. ఓనరమ్మ అల్లుడు పెత్తనానికి వచ్చాడు. చెడ్డవాడేం కాదు, జీతాలు కూడా పెంచాడు. గదిలో కూర్చుని కొత్త టైములు రాసి అంటించాడు. నిజం చెప్పొద్దూ, కునికిపాట్లు పడుతూ తోలినా అందుకోగలిగేంత సులువైన టైములవి. కానీ నన్నొక్క మాట అడగలేదు. అది ఎంత చిన్న సంగతో నాకూ తెలుసు, అయినా పాత చిరాకు మళ్లీ వచ్చి కూర్చుంది. కొన్నాళ్లు ఓర్చుకుని, మానేస్తానన్నాను. అల్లుడు ఇంకా పెంచుతానన్నాడు, నేను తల అడ్డంగా ఊపాను.

వెళ్లేముందు ఓనరమ్మకు చెప్పిపోదామని పెరట్లోకి వెళ్లాను. ఆమె ఉండమనలేదు.

"ఎందుకు పోతాండావని అడగనప్పా" అంది. "ఈ ఇంట్లో నన్ను గూడా ఎవురూ ఏమీ అడిగేది లేదిప్పుడు."

దండం పెట్టి వచ్చేశాను. ఇప్పుడా దారిన బస్సులు రివ్వున పోతున్నాయి, ఎవరూ దిగి నెట్టనక్కర్లేదు. నేను కూడా ఆ తర్వాత చాలా ఏళ్లు, ఎవరెవరివో బస్సులు తోలాను, ఆలస్యం చెయ్యడని పేరు కూడా తెచ్చుకున్నాను. బండి చేరేది, నేను దిగేవాణ్ణి, అంతే.