ఏడాకుల విస్తరి, ఆరు తొమ్మిదులు

మొన్న దుమ్ముగూడెంలో నా చిన్ననాటి నేస్తం సమ్మక్క కూతురి పెళ్లిలో అడ్డాకు విస్తట్లో వేడివేడి అన్నం వడ్డించగానే, ఆకు మగ్గిన వాసన నన్ను లాక్కుపోయి అమ్మమ్మ వాకిట్లో కూర్చోబెట్టింది. ఎండాకాలమంతా ఆ వాకిట్లో ఒకపక్క ఇప్పపూలు ఆరుతుండేవి, ఇంకోపక్క అడ్డాకుల దొంతరలు. అమ్మమ్మ సన్నటి పుల్లలతో విస్తళ్లు కుడుతుంటే, విస్తరికి ఏడాకుల చొప్పున లెక్కపెట్టి అందించడం నా పని. అలా నాకు ఏడో ఎక్కం ఒక్కటే వచ్చింది. మిగతావి ఎంత రుద్దినా అబ్బలేదు.

ఐదో తరగతిలో మా మేరీ టీచర్ భద్రాచలంలో జరిగే లెక్కల పోటీకి మమ్మల్ని తయారుచేశారు. లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడు అనే సంఖ్యను రెండు నుంచి ఆరు దాకా దేనితో గుణించినా అవే ఆరంకెలు చోట్లు మారి వస్తాయట. ఆరుగురు ఆడపిల్లల మెడల్లో సున్నంతో అంకెలు రాసిన విస్తళ్లు వేలాడదీశారు. నాది ఎనిమిది. టీచర్ దేనితో గుణించాలో చెప్పగానే జవాబు వరసలో నిలబడాలని ఉరుకుతూ ఒకరినొకరు గుద్దుకునేవాళ్లం, అన్నిటికన్నా ఎక్కువ నేనే తప్పేదాన్ని.

"ఎక్కాలు రాకుండ స్టేజీ ఎట్ల ఎక్కుతవే? రేపటికి నేర్వకుంటే వేరే పిల్లను పెడత" అన్నారు టీచర్. ఇంటికెళ్లి అన్నం ముట్టలేదు. ఆ స్టేజీ ఎక్కకపోతే ఇక బతికి లాభం లేదనిపించింది.

మర్నాడు సమ్మక్కే దారి చూపింది. రెండు అంకె వేసుకున్న కోయ పిల్ల అది, నా పక్క బెంచీ. "ఊకె ఉరుకుడెందుకే? రేలా ఆడినట్టు చేతులు పట్టుకొని తిరుగుదాం. వరస మారుతలేదు, మొదలే మారుతున్నది" అంది. నిజమే. జవాబులో మొదటి అంకె పిల్ల గొలుసు తెంచుకుని ముందుకొస్తే చాలు, మిగిలినవాళ్లం ఆమె వెనకే వచ్చేస్తాం. దేనికి ఎవరు మొదలో గుర్తుంటే ఎక్కాలతో పనే లేదు. టీచర్ నవ్వేసి నన్నూ ఉండనిచ్చారు.

పోటీనాడు రెండు అన్నారు, ఐదు అన్నారు, మా గొలుసు తిరిగి తిరిగి నిలబడుతోంది, హాలంతా చప్పట్లు. అంతలో ముందు వరసలో కూర్చున్న ఒక పెద్ద సారు, "మరి ఏడు పెడితే ఏమొస్తదమ్మా?" అన్నాడు. మేం నేర్చుకున్నది ఆరు దాకానే. టీచర్ మొహం పాలిపోయింది, సమ్మక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఏడు కదా, నాది. కళ్లు మూసుకుంటే ఆకులే కనిపించాయి. ఏడు ఏడులు నలభై తొమ్మిది, తొమ్మిది వేసి నాలుగు చేతిలో. ఐదు ఏడులు ముప్పై ఐదు, చేతిలో నాలుగు కలిపితే ముప్పై తొమ్మిది, మళ్లీ తొమ్మిదే. చివరిదాకా అంతే. "అన్నీ తొమ్మిదులే సార్, ఆరుకి ఆరూ" అని అరిచాను. సారు కాగితం మీద చేసి చూసుకుని, లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కప్పు మాదే. తిరుగు బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పటి గర్వం, ఆ తర్వాత ఉద్యోగం వచ్చిననాడు కూడా కలగలేదు.

అమ్మమ్మ పోయింది, ఆ వాకిలి ఇప్పుడు సిమెంటు గచ్చు. పెళ్లి విస్తరినీ వేలితో లెక్కపెట్టాను. మిషన్ కుట్టు, మూడే ఆకులు. పప్పు వడ్డిస్తూ వచ్చిన సమ్మక్క నా వేలు చూసి ఆగింది.

"ఏడు పెడితే ఎంతనే?" అంది.

నోట్లో ముద్ద ఉండగానే చెప్పాను, "అన్నీ తొమ్మిదులే."