అత్త చూశాకే పాత సర్వర్ ఆపాలి

నిన్న పొద్దున సుగుణక్క ఇంటి నుంచి ఫోన్ వచ్చేసరికి, ఆమె ముందురోజు ఎక్స్‌పోర్ట్ చేసి ఇచ్చిన ఫైల్‌ని నేను కొత్త సర్వర్‌లో ఇంపోర్ట్ చేస్తున్నాను.

వాళ్ళాయన రెండు ముక్కలే చెప్పాడు. గుండెపోటు. హాస్పిటల్‌కి చేరకముందే అయిపోయింది.

నేనేమన్నానో తెలుసా?

"మరి సాయంత్రం మీటింగ్‌కి రాదా అన్నా?"

ఆ మాట ఎలా వచ్చిందో తెలీదు. నిన్నటి నుంచి అది గుర్తొచ్చినప్పుడల్లా నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఈ పోస్ట్ కూడా నాలుగుసార్లు రాసి చెరిపేశాను. ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను.

అక్కని తెలియనివాళ్ళకి చెబుతున్నాను. చెన్నై రాయపురంలో మా చిన్న ఆఫీసులో ఆమె నా సీనియర్. వెబ్ సర్వీసులని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మార్చడం మా పని. సెట్టింగ్స్ అన్నీ ఒక ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, కొత్తచోట ఇంపోర్ట్ చేస్తాం.

"ఇల్లు మారేటప్పుడు ఏదన్నా పగిలితే సద్దు వస్తాది పా. ఈడ పగిలినా సద్దు రాదు" అనేది.

అందుకే ఆమెకొక రూల్ ఉండేది. పాత సర్వర్ ఆపేముందు తొండియార్‌పేటలో ఇంట్లో ఉన్న వాళ్ళత్తకి ఫోన్ చెయ్యాలి. అత్త తన మొబైల్‌లో ఆ సర్వీస్ తెరిచి, ఏం కనిపిస్తే అది చదవాలి.

అత్తకి సర్వర్ అంటే ఏంటో తెలీదు.

"అందుకే పా. మనకి కావాల్సింది మనకి కనపడతాది. ఉండేది ఆమెకి కనపడతాది."

చదవడం అయ్యాక అత్త ప్రతిసారీ అవే రెండు మాటలు. "సరిగ్గా ఉండాది. ఇంక ఇంటికి రా."

కోడలి ఉద్యోగానికి అత్త సర్టిఫికెట్టా అని నేను నవ్వేవాణ్ణి.

ఒకసారి చేపల పడవలవాళ్ళకి గాలి, అలల వివరాలు చూపించే సర్వీస్ మార్చాం. ఇంపోర్ట్ చేసింది నేనే. నా లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా తెరుచుకుంది. అయిపోయిందక్కా, పాతది ఆపేద్దాం అన్నాను. ఆ సాయంత్రం నాకు సినిమా టికెట్ ఉంది మరి.

అక్క వినలేదు. అత్తకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"గాలి తక్కువ అని ఉండాది. అయితే నిన్నటి తేదీ చూపిస్తా ఉండాదే?"

నా లాప్‌టాప్ ఇంకా పాత సర్వర్‌నే చూస్తోంది, అత్త మొబైల్‌లో కొత్తది తెరుచుకుంది! ఎక్స్‌పోర్ట్ ఫైల్‌లో అన్నీ వస్తాయి, రోజూ గాలి వివరాలు తెచ్చుకోడానికి కావాల్సిన పాస్‌వర్డ్ రాదు. దాన్ని కొత్తచోట చేత్తో మళ్ళీ టైప్ చెయ్యాలి. నేను మర్చిపోయాను. అందుకే కొత్త సర్వర్‌కి ఆరోజు వివరాలు అందలేదు. పాతది ఆపేసి ఉంటే, పడవలు నిన్నటి గాలి చూసుకుని సముద్రంలోకి వెళ్ళేవి.

అక్క తిట్టలేదు. కీబోర్డు నా ముందుకి తోసింది. "టైప్ చెయ్యి పా. సినిమా యాడికీ పోదు."

ఇప్పుడు మళ్ళీ అదే సర్వీస్ మారుస్తున్నాం.

నిన్న వాళ్ళింటికి వెళ్ళి, అక్కడ నిలబడలేక ఆఫీసుకి తిరిగొచ్చాను. ఇంపోర్ట్ అయిపోయి ఉంది. పాస్‌వర్డ్ టైప్ చేశాను. మూడు ఫోన్లలో చూశాను. బానే ఉంది. పాతది ఆపారా అని క్లయింట్ రెండుసార్లు అడిగాడు.

నాకు చెయ్యి ఆడలేదు. అత్త చూడలేదు కదా.

కోడలు పోయిన ఇంట్లో ఆ పెద్దామెని ఏమని అడగను?

ఇవాళ మళ్ళీ వెళ్ళాను. కూర్చున్నాను, లేచాను, వాకిట్లోకి వెళ్ళొచ్చాను, మళ్ళీ కూర్చున్నాను. అత్తే పిలిచింది.

"ఏం పా, కాలు నిలవకుండా తిరగతా ఉండావు? ఆ పడవలోళ్ళది మార్చేసినారా? రేపు నువ్వు చూడాల అత్తా అని మొన్న చెప్పి పెట్టింది. ఫోనే రాలా."

"మార్చేశామమ్మా. మీరు చూడలేదని పాతది ఆపలేదు."

అత్త కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుంది. ఫోన్ తీసి, తనే తెరిచి, ఒక్కో లైనూ పైకి చదివింది. ఈరోజు తేదీ. గాలి ఎక్కువ. సముద్రంలోకి పోవద్దు.

"సరిగ్గా ఉండాది" అంది.

రెండో మాట కోసం నోరు తెరిచింది. అలాగే మూసేసుకుంది.

నేను వీధిలోకొచ్చి ఏడ్చాను.

అక్కా, ఆఫీసుకొచ్చి పాత సర్వర్ ఆపేశాను. అత్త చూశాకే ఆపాను.

ఇంక నువ్వు నిమ్మళంగా ఉండు.