నాన్నకు తీయించిన వెడల్పు సీటు

విశాఖపట్నంలో ట్రావెల్ ఏజెంటు కంప్యూటర్ మీద నుంచి కళ్ళు తియ్యకుండానే చెప్పాడు, కాస్త వెడల్పు సీట్లుండే ప్రీమియం ఎకానమీలో ఒక్క సీటే మిగిలిందని. ఈ మధ్య అందరూ అదే అడుగుతున్నారట. బిజినెస్ క్లాసు అడిగే ధైర్యం లేనివాళ్ళూ, మామూలు సీటు అనగానే మోకాళ్ళు గుర్తొచ్చేవాళ్ళూ కలిసి దాని మీద పడ్డారని ఆయన అభిప్రాయం. మేము రెండు రకాలకూ చెందుతాం.

అరకు కొండల్లో నాన్న పండించిన కాఫీని యూరప్‌లో ఒక ప్రదర్శనకు పిలిచారు. ఆయనకూ, ఆయన మాట ఇంగ్లీషులో చెప్పడానికి కూతురినైన నాకూ మామూలు టిక్కెట్లు ఇచ్చారు. వాలు తోటల్లో ఎక్కీ దిగీ నాన్న ఎడమ మోకాలు అరిగిపోయింది. గంటల తరబడి మడిచి కూర్చుంటే మర్నాడు నిలబడలేడని డాక్టరు ముందే చెప్పేశాడు. మర్నాడే ఆయన కొనుగోలుదారుల ముందు నిలబడి మాట్లాడాలి. మా ఊరి గింజలు ఈ ఏడు ఎవరైనా కొంటారా లేదా అన్నది అక్కడ తేలుతుంది. అందుకని పట్టుబట్టి ఆ ఒక్క సీటూ నాన్నకు తీయించాను. చాలా గొప్ప పని చేశాననే అనుకున్నాను.

విమానంలో ఆయన్ను ముందు కూర్చోబెట్టి, కాళ్ళు చాపించి, బెల్టు పెట్టి, నేను వెనక ఎడమవైపు కిటికీ సీటుకు పోయాను. నా పక్కన చంటిబిడ్డతో ఒకావిడ. బిడ్డ ఏడుపు ఆపడం లేదు.

విమానం పైకి లేచి, బెల్టులు విప్పుకోవచ్చని చెప్పగానే నాన్న సంచీ చంకన పెట్టుకుని వచ్చేశాడు.

"ఏటే గుంటా, పిల్లతల్లిని ఎనకాల ఇరికించీసి సూత్తన్నావా?"

"నాన్నా, ఇది సంత జీపు కాదు."

మా ఊరి నుంచి సంతకు పోయే జీపులో డ్రైవరు పక్క సీటు పిల్లతల్లిది. అక్కడ హెడ్మాస్టరు కూర్చున్నా సరే, ఆవిడ రాగానే దిగి వెనక వేలాడాలి. దీనికి బోర్డు ఎక్కడా లేదు, ఎవరూ అడగరు కూడా. నాన్న నా పక్కావిణ్ణి చేతిసైగతో లేపి, "రా తల్లీ" అని తీసుకుపోయి, తన సీటులో కూర్చోబెట్టి వచ్చాడు. ఆవిడకు తెలుగు రాదు. అయినా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

వెనకాలే ఎయిర్‌హోస్టెస్ వచ్చింది. పెద్దాయన ఇష్టపడే ఇచ్చారా, మళ్ళీ మధ్యలో కావాలంటారా అని నన్నడిగింది. నేను నాన్నను తెలుగులో అడిగాను.

"ఇచ్చినాక ఎనక్కి అడుగుతారేటి?" అన్నాడు నాన్న. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆమె ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. రేపు ఎలా నిలబడతావు, ఊళ్ళో వాళ్ళకు ఏం చెప్పమంటావు, నేను ఇంత తిరిగింది ఎవరి కోసం అని గొంతు పెంచాను. ముందు వరసలో ఇద్దరు తిరిగి చూశారు. నాన్న మోకాలు ముందు సీటుకు నొక్కుకుపోయి ఉంది. ఆయన దాన్ని చేత్తో రుద్దుకుంటూ అన్నాడు.

"సుట్టుపక్కల ఎవులితోటీ ఒక్క మాట లేదే. నీళ్ళు అడగడం కూడా రాదు నాకు. అది పైకి లేసినప్పుడు బయమేసింది. ఎనక్కి తిరిగి సూస్తే నువ్వు కనపడ్లేదు." సంచీ ఒళ్ళోకి లాక్కుని అన్నాడు, "పిల్లతల్లి లేకపోయినా వచ్చీసీవోడ్ని."

తొమ్మిది గంటలు నాన్నను ఒంటరిగా కూర్చోబెట్టడానికి నేనెంత పట్టుబట్టానో తలుచుకుంటే సిగ్గేసింది. మా ఇద్దరి మధ్య ఉన్న చేతికడ్డీని పైకి లేపి, ఆయన ఎడమ కాలు ఎత్తి నా ఒళ్ళోకి చాపుకున్నాను. దిగేదాకా అలాగే ఉన్నాం. దిగేసరికి నా నడుము పట్టేసింది.

మర్నాడు కొనుగోలుదారుల ముందు నాన్న నిలబడే మాట్లాడాడు. కుర్చీ అడిగింది నేను.